కోటా సంగతి డిశ్చార్జికి ముందే చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట సింధియా జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే ఒక కుర్రాడు పలకరించాడు. కుర్రాడంటే నా కళ్లకి కుర్రాడు, అతనికి 38 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా వాడు, 19 ఏళ్లకి ఆర్మీలో చేరి, 17 ఏళ్లు చేసి, హవల్దారుగా బయటికొచ్చాడు. ఇప్పుడు గాజువాకలో అద్దెకుంటూ ఒక అపార్ట్‌మెంట్‌కి నైట్ గార్డుగా చేస్తున్నాడు. నేను నేవీలో చేశానని తెలిసి, గ్లాసు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు: "ఏటి సార్, మనకి గవర్నమెంటు ఉద్యోగాల్లో కోటా ఉందంటారు కదా, అదెక్కడుంటాది?"

ఏదో ఆఫీసు అడ్రస్ అడిగినట్టు అడిగాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకు నవ్వానా అనిపించింది. ఎందుకంటే 2008లో 15 ఏళ్ల సర్వీసు ముగించుకుని ఈ ఊళ్లోనే ఒడ్డుకి దిగినప్పుడు నేనూ ఇంతకంటే తెలివిగా ఏమీ లేను. ఆ రోజు టీ కొట్టులో గంటన్నర కూర్చుని అతనికి చెప్పిందే మీకు రాస్తున్నాను, ఈ విశాఖలో ఇలా అడగాల్సినవాళ్లు అతనొక్కడే కాదు కనక.

ముందు లెక్క. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ (క్లర్కు లాంటివి) ఉద్యోగాల్లో 10 శాతం, పాత గ్రూప్ డీ (అటెండరు లాంటివి) స్థాయి ఉద్యోగాల్లో 20 శాతం మాజీ సైనికులకి. ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో అయితే వరసగా 14.5, 24.5 శాతం, అందులో 4.5 శాతం యుద్ధంలో వికలాంగులైనవాళ్లకి, చనిపోయినవాళ్ల కుటుంబాలకి. పారామిలిటరీలో అసిస్టెంట్ కమాండెంట్ దాకా 10 శాతం. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం. 1979లో కేంద్రం రూల్స్ రాసినప్పటి నుంచీ ఉన్న సంగతే ఇది, కొత్తగా ఎవరూ వరమిచ్చింది కాదు.

మరి నిండుతోందా అంటే, 2021 జూన్ నాటికి 34 కేంద్ర శాఖలు ఇచ్చిన లెక్కలు కలిపి చూస్తే గ్రూప్ సీలో మాజీ సైనికులు 1.29 శాతం, గ్రూప్ డీలో 2.66 శాతం. పదికి ఒకటి, ఇరవైకి రెండున్నర! ఏటా సుమారు 60 వేల మంది త్రివిధ దళాల నుంచి బయటికొస్తుంటే ఈ పరిస్థితి. చాలామంది దీనికి ఆఫీసులనే తిడతారు, నేనూ తిట్టినవాణ్ణే, కానీ సగం తప్పు మన వైపూ ఉంది. అప్లై చేసేవాడే లేకపోతే పోస్టు ఎవరికిస్తారు? పరీక్ష పెట్టి నింపే పోస్టుల్లో మనవాళ్లు సరిపడా రాకపోతే ఆ ఖాళీలు మామూలు అభ్యర్థులకి పోతాయి. పరీక్ష లేకుండా నింపేవాటికి మాత్రం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి నుంచి 'మా దగ్గర మనిషి లేడు' అన్న సర్టిఫికెట్ తెచ్చుకుని, మాజీ సైనికుల పునరావాసం చూసే ఢిల్లీలోని డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్‌ని కూడా అడిగి, కేంద్రం అనుమతి తీసుకుంటే గానీ బయటివాళ్లకి ఇవ్వకూడదని రూల్. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో మన పేరు నమోదై ఉండాలని చెప్పేది ఇందుకే. పేరు రాయించుకుని, ఇల్లు మారి, ఫోన్ నంబరు మార్చి, అక్కడ చెప్పకుండా ఊరుకునేవాళ్లకైతే నేనేం చెప్పను. ఉత్తరం అత్తారింటికి పోయి అక్కడ గూట్లో పడి ఉంటుంది, అంతే.

హవల్దారుగారి మొదటి భయం వయసు. "నాకు 38 వచ్చేసినాయి సార్, 27 దాటితే తీసుకోరంట" అన్నాడు. టీ కొట్టు పేపరు ముక్క మీదే లెక్క వేసి చూపించాను. 38లోంచి 17 ఏళ్ల సర్వీసు తీసెయ్. 21. పోస్టుకి గరిష్ఠ వయసు 27 అనుకో, దానిమీద ఇంకో మూడేళ్లు కలుపుతారు, 30. నీ 21 ఆ 30 దాటనంత వరకూ నువ్వు అర్హుడివే, అంటే 47 ఏళ్ల దాకా ఇలాంటి పోస్టుకి అప్లై చేసుకోవచ్చు. అతను ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి భార్యకి చూపించాలట. రెండేళ్లుగా ఆవిడ అప్లై చెయ్యమంటుంటే వయసైపోయిందని చెప్పుకొస్తున్నాడు మరి.

రెండో భయం డిగ్రీ. పదో తరగతి పాసై, 15 ఏళ్ల సర్వీసు నిండినవాణ్ణి డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సీ పోస్టులకి గ్రాడ్యుయేట్‌తో సమానంగా చూస్తారు, టెక్నికల్, ప్రొఫెషనల్ పోస్టులు కాకుండా. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్షలో ట్యాక్స్ అసిస్టెంట్, ఆడిటర్ లాంటివి మనకి అందేవే. పైన ఇన్‌స్పెక్టర్ లాంటి గ్రూప్ బీ పోస్టులకి ఈ సమానత్వమూ లేదు, ఈ కోటా కూడా లేదు. ఆ కమిషన్ పరీక్షలకి మాజీ సైనికులు ఫీజు కట్టక్కర్లేదు. ఫీజు లేదన్న సంగతి తెలియక వంద రూపాయలు కట్టొచ్చినవాళ్లని ఎందరినో చూశాను.

ఇక నా కథ. నేవీ నుంచి వచ్చిన ఏడాదే నగరంలో ఒక కేంద్ర సంస్థలో క్లర్కు పోస్టుకి రాతపరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ ఫోల్డర్లో పెన్షన్ పేపర్లు, సర్వీసు సర్టిఫికెట్, మార్కుల లిస్టులు అన్నీ వరసగా పెట్టుకుని వెళ్లాను. నేవీలో ఇన్‌స్పెక్షన్ అంటే పదిహేనేళ్లు అలవాటు, అందుకని టెన్షన్ కూడా లేదు. బల్ల అవతల ఉన్నాయన ఒక్కో కాగితం తిప్పుతూ కుల ధ్రువపత్రం దగ్గర ఆగాడు. మాది బీసీ-డీ. ఎమ్మార్వో ఆఫీసులో తీసుకున్న మామూలు సర్టిఫికెట్ అది. "ఇది స్టేటుది, మాకు ఓబీసీ కావాలి, సెంట్రల్ ఫార్మాట్లో, క్రీమీ లేయర్ కాదని రాసి ఉండాలి" అన్నాడు. నేను మాజీ సైనికుల కోటాలో కదండీ వచ్చింది, కులంతో పనేంటి అన్నాను.

అక్కడే ఉంది అసలు కిటుకు. మాజీ సైనికుల కోటా హారిజాంటల్ రిజర్వేషన్. అంటే రైలు డబ్బాల్లా అనుకోండి, మనం వేరే డబ్బాలో కూర్చోం. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అనే డబ్బాల్లో దేనికి చెందితే ఆ డబ్బాలోనే మనకి సీటు చూపిస్తారు. రైలుతో పోల్చి ఆయన చెప్పలేదు, నేను తర్వాత అర్థం చేసుకున్నాను. ఆయన అన్నది ఒక్కటే మాట, "నెక్స్ట్". ఫోల్డర్ మూసుకుని మెట్లు దిగి, బస్టాపులో గంటసేపు నిలబడ్డాను. బస్సులు లేక కాదు.

ఆ ఉద్యోగం పోయింది. ఇంకో ఏడాదిన్నర ఒక ప్రైవేటు గోడౌన్లో సూపర్‌వైజరుగా చేసి, మళ్లీ పరీక్ష రాసి ఇప్పుడున్న చోట చేరాను. ప్రైవేటులో చేస్తే కోటా పోతుందని మనవాళ్లలో ఒక పుకారు ఉంది, అది తప్పు. ప్రైవేటు ఉద్యోగం చేసినా, ప్రభుత్వంలోనే కాంట్రాక్టు మీదో క్యాజువల్‌గానో చేసినా మాజీ సైనికుడి హోదా పోదు. పోయేది కోటాలో మొదటి రెగ్యులర్ సర్కారు ఉద్యోగంలో చేరినప్పుడు. నాతో షిప్‌లో పనిచేసిన ఒకతను ఇంట్లో ఒత్తిడి భరించలేక దొరికిన అటెండరు పోస్టులో చేరిపోయాడు. నెల తిరక్కుండా అంతకుముందు రాసిన క్లర్కు పరీక్ష రిజల్టు వచ్చింది, పేరుంది, కానీ అప్పటికే కోటా వాడేసుకున్నాడు. మా రోజుల్లో దానికి మందు లేదు. 2014 ఆగస్టులో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది: మొదటి ఉద్యోగంలో చేరగానే, అంతకుముందే ఏయే పోస్టులకి ఏయే తేదీల్లో అప్లై చేశామో ఆ ఆఫీసుకి రాసి ఇచ్చేస్తే, వాటిలో ఏదైనా తర్వాత వచ్చినా కోటా నిలబడుతుంది. ఒక్క కాగితం, సంతకం పెట్టి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. ఈ సంగతి చెబితే ఇప్పటికీ పదిమందిలో తొమ్మిది మంది నోరు తెరుస్తారు.

అన్నట్టు, మనవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది, డీఎస్సీ. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ అన్నమాట, రిటైరైన జవాన్లని మళ్లీ యూనిఫాంలోకి తీసుకుని రక్షణ సంస్థల గేట్ల దగ్గర కాపలాకి పెడతారు. "డీఎస్సీలో చేరుతున్నా" అని ఒకతను మా వీధిలో చెప్పేసరికి, పాపం వాళ్ల మావయ్య టీచరు ఉద్యోగం వచ్చిందనుకుని స్వీట్లు పంచేశాడు.

బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరీన్ చూసినప్పుడల్లా నాకో ఆలోచన వస్తుంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాదే ఆర్‌కే బీచ్‌లో పోస్టింగ్ సంపాదించింది, టికెట్టు కొని మరీ చూస్తున్నారు జనం. దాని రిటైర్మెంటు ముందే తెలుసు, ఎక్కడ పెట్టాలో, ఎవరు చూసుకోవాలో ముందే ఆలోచించారు. మనిషికి కూడా డిశ్చార్జి తేదీ ముందే తెలుసు కదా? సర్వీసు ముగియడానికి ఏడాది ముందు నుంచే, యూనిట్ ఇచ్చే సర్టిఫికెట్ పెట్టుకుని, మాజీ సైనికుల కోటాలో అప్లై చేసుకునే హక్కు ఉంది. ఆ ఏడాదంతా మనం ఏం చేస్తాం? ఊళ్లో ఇల్లు కట్టిస్తాం, పెట్టెలు సర్దుతాం, పార్టీలు ఇస్తాం. బయటికొచ్చాక ఆర్నెల్లు బంధువుల ఇళ్లు తిరుగుతాం. అప్పుడు గుర్తొస్తుంది ఉద్యోగం.

అందుకని నేను అడిగేవి ఎక్కువేం కావు. తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రమైన ఊరు ఇది, మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు ఏ వీధిలో చూసినా ఒక మాజీ నావికుడో జవానో ఉంటాడు. డిశ్చార్జికి ఏడాది ఉందనగానే ప్రతి ఒక్కరికీ ఒక పూట కూర్చోబెట్టి ఈ వయసు లెక్క, డిగ్రీ సమానత్వం, ఓబీసీ కాగితం, 2014 ఉత్తర్వు తెలుగులో చెప్పాలి. పదిహేనేళ్లు హిందీలో బతికినవాడికి ఇంగ్లిషు నోటిఫికేషన్ నలభై పేజీలు చేతిలో పెట్టి చదువుకోమంటే చదవడు. (నేను వచ్చిన కొత్తలో మా ఆవిడ ఏం చెప్పినా 'అచ్ఛా' అనేవాణ్ణి, అంత ముదిరింది.) సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు బయట ఒక బోర్డు పెట్టి, ఈ నెల నోటిఫికేషన్లు, మన కోటా పోస్టులు, చివరి తేదీ, ఈ మూడూ రాస్తే చాలు. మీ పత్రికకి కూడా ఒక మాట. ఉద్యోగాల పేజీలో మొత్తం ఖాళీలు వేస్తారు, పక్కనే మాజీ సైనికులకి ఎన్నో ఒక్క అంకె వెయ్యండి, నోటిఫికేషన్లో ఆ అంకె ఉంటూనే ఉంటుంది.

అగ్నివీరుల సంగతి వేరే రాయాలి, ఇక్కడ ఒక్కటే. 2022 చివర్లో చేరిన తొలి బ్యాచ్‌కి నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి, గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లకి పథకం ప్రకారం మాజీ సైనికుడి హోదా లేదు, పారామిలిటరీలో వేరే కోటా, వయసు సడలింపు ఉన్నాయి. కాబట్టి పైన నేను రాసిందంతా వాళ్లకి వర్తిస్తుందనుకుని ఎవరూ మోసపోవద్దు.

మొన్న సోమవారం హవల్దారుగారు మళ్లీ వచ్చాడు, ఈసారి ఫోల్డర్ తీసుకుని. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు), పదో తరగతి మార్కుల లిస్టు, అన్నీ లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. కింద నుంచి రెండో కాగితం కుల ధ్రువపత్రం. తీసి చూశాను. బీసీ-డీ, స్టేట్ ఫార్మాట్. టీ తాగాక బండెక్కించుకుని మీసేవ దగ్గర దింపాను, ఓబీసీ సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పెట్టాడు. నోటిఫికేషన్ చివరి తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు
(ఉద్యోగంలో ఉన్నాను, పేరు వెయ్యకండి)
శ్రీహరిపురం, విశాఖపట్నం