చోటు చాలక మొలిచిన మీసం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు రా? "నాన్నా, మీ కాలం గేముల్లో మనిషి బొమ్మ కూడా సరిగ్గా గీయలేదు" అని మీవాడు అన్నాడని మొన్న చెప్పి తెగ నవ్వావుగా. దానికి ఫోన్లో జవాబు చెబుదామంటే నువ్వు సగంలోనే క్రికెట్‌లోకి పోతావు. అందుకే ఉత్తరం. వాడన్నది నిజమే, గీయలేకపోయారు. కానీ మనకి ఆ గేముల్లో నచ్చినవి సగం ఆ మెషిన్ల చేతగానితనంలోంచే వచ్చాయి రా.

మారియో మీసమే తీసుకో. 1981లో జపాన్ గేమ్ కంపెనీ నింటెండో వాళ్ల డాంకీ కాంగ్ అనే గేమ్ కోసం షిగెరు మియమోతో ఆ బొమ్మ వేశాడు. మనిషి మొత్తానికి దొరికింది పట్టుమని పదహారు చుక్కల (పిక్సెళ్ల) ఎత్తు. అందులో మొహం ఎంత, నోరు ఎంత? పెద్ద ముక్కు పెట్టి కింద మీసం గీసేస్తే నోటి గొడవే ఉండదు. జుట్టు గీయడం కష్టమని టోపీ. చేతులు ఊపడం కనపడాలని చొక్కాకో రంగు, ఓవరాల్‌కో రంగు. అప్పటికి అతని పేరు జంప్‌మాన్, చేసేది వడ్రంగం! 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. మీ బాబాయి రోజూ పంపే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకన్నా బరువు. అందుకే అందులో మబ్బూ పొదా ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద. ఇన్నేళ్లు ఆడాం, ఎప్పుడైనా గమనించావా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం స్పేస్ ఇన్వేడర్స్ కథ, అదే, పైనుంచి దిగే శత్రువుల్ని కాల్చే గేమ్. 1978లో జపాన్‌లో టైటో కంపెనీకి తోమోహిరో నిషికాదో చేశాడు. గేమే కాదు, అది తయారుచేయడానికి కావలసిన సరంజామా కూడా చాలావరకు ఆయనే చేసుకున్నాడు. తెర మీద ఐదు వరసల్లో 55 శత్రువులు. అన్నిటినీ కదపాలంటే ఆ చిప్‌కి ఊపిరాడదు, ఈడ్చుకుంటూ నడిపిస్తుంది. మనం కాల్చేకొద్దీ గీయాల్సినవి తగ్గుతాయి కదా, మిగిలినవి జోరందుకుంటాయి. ఆఖరికి ఒక్కటి మిగిలిందంటే ఇక పట్టపగ్గాలుండవు. ఆయన అది చూసి కూడా సరిచేయలేదు, ఆటకి ఇదే బాగుందని ఉంచేశాడు. దానికితోడు వెనకాల డుమ్ డుమ్ డుమ్ డుమ్ అని నాలుగే స్వరాలు, అవీ వేగం పెంచుకుంటూ. గెలుస్తున్నకొద్దీ టెన్షన్! జపాన్‌లో ఆ ఒక్క గేమ్ కోసమే షాపులు వెలిశాయి.

అంతకు ముందు 1972లో అటారీ వాళ్ల పాంగ్ ఉందిలే. రెండు గీతలు, ఒక చుక్క. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్లో ఒక బార్‌లో పెడితే కొన్నాళ్లకే మెషిన్ పాడైందని కబురొచ్చింది. తీరా చూస్తే నాణేలు నిండిపోయి ఇరుక్కున్నాయి.

పాక్‌మాన్ సంగతి వేరు. గేమ్ సెంటర్లన్నీ మగపిల్లల అడ్డాలైపోయాయని, అమ్మాయిలూ జంటలూ కూడా రావాలని, 1980లో నామ్కో కంపెనీలో తోరు ఇవాతాని కాల్చడం మానేసి తినడం పెట్టాడు. నాలుగు దయ్యాలకి నాలుగు బుద్ధులు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీది మనం వెళ్లబోయే చోటికి ముందే పోయి కాపు కాయాలని చూస్తుంది. 1982కల్లా అమెరికాలో దాని మీద పాటా వచ్చింది, టీవీలో కార్టూనూ వచ్చింది.

పైనుంచి పడే ఇటుకల్ని పేర్చే టెట్రిస్ అయితే మరీను. 1984లో మాస్కోలో దాన్ని చేసిన అలెక్సీ పజిట్నోవ్ ముందున్న ఎలెక్ట్రోనికా 60 కంప్యూటర్‌లో బొమ్మలు వేసే వీలే లేదు, అక్షరాలు మాత్రమే. సరే అని బ్రాకెట్లు పక్కపక్కన పేర్చి, వాటినే ఇటుకలన్నాడు.

ఇవన్నీ మన ఊరికి అడ్డదారిలో వచ్చాయి. తొంభైల్లో మన బజార్లో అమ్మిన టీవీ గేములు చాలావరకు నింటెండో వాళ్లు ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడేందుకు చేసిన ఫ్యామికామ్ మెషిన్‌కి నకళ్లేగా. కేసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది, లోపల అవే నాలుగు గేములు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. రాకపోతే బయటికి లాగి ఉఫ్ అని ఊదడం. కాంట్రా అనే కాల్పుల గేమ్‌లో 30 ప్రాణాలిచ్చే బటన్ల కోడ్ చెప్పడానికి మీ అన్నయ్య మన చేత గోళీసోడా కొనిపించుకున్నాడు, అది మాత్రం నేను మర్చిపోలేదు. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఆ కోడ్ పుట్టింది కాంట్రా కోసం కాదు తెలుసా? 1986లో కోనామీ అనే గేమ్ కంపెనీలో కజుహిసా హాషిమోతో, గ్రాడియస్ అనే గేమ్‌ని ఇంట్లో ఆడే మెషిన్‌కి మార్చే పనిలో ఉన్నాడు. టెస్ట్ చేద్దామంటే ఆయన వల్ల కాలేదు, అంత కష్టం. అందుకని గుర్తుండే బటన్లు వరసగా పెట్టుకుని తనకోసం దొంగదారి చేసుకున్నాడు. చేసినాయనకే చేతకాలేదంటే, రెండో లెవెల్లో మనం అన్నిసార్లు చచ్చామని సిగ్గుపడక్కర్లేదు.

మీ అటక మీద ఆ సెట్ ఇంకా ఉందేమో చూసి పెట్టు. అడాప్టర్ సంగతి నేను చూసుకుంటా. ఈసారి రెండో ప్లేయర్ రిమోట్ మాత్రం నీదే, ముందే చెబుతున్నా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు