చిన్న ఆన్‌లైన్ విక్రేతలకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కారాదు

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి, జీఎస్టీ మండలి అధ్యక్షుల వారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు తయారుచేసే కుటుంబాల తరఫున, తీరిక వేళల్లో వాటిని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే మాలాంటివారి తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

సరకుల అమ్మకంలో ఏటా 40 లక్షల రూపాయల టర్నోవరు దాటనివారికి ఉన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్ మినహాయింపును 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ వేదికలపై అమ్మే చిన్నవారికీ వర్తింపజేశారు. అది నిజంగా మేలు చేసిన నిర్ణయం. అయితే అది సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే పరిమితం. ఉదయగిరి గరిటెను ఆన్‌లైన్ వేదిక ద్వారా శ్రీకాకుళానికి పంపడానికి, రిజిస్ట్రేషన్ లేకుండానే జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు. అంతకన్నా ఎంతో దగ్గరలో ఉన్న చెన్నైకి అలా ఒక్కటి పంపినా రిజిస్ట్రేషన్, దాని వెంట క్రమం తప్పని రిటర్నులు, ఆలస్యమైతే రుసుము తప్పవు. నెలకు నాలుగైదు వేలు మిగిలే పనికి అకౌంటెంటును పెట్టుకోవడం ఎవరి తరం?

నిర్దేశిత చేతివృత్తి వస్తువులను పరిమితికి లోబడి ఇతర రాష్ట్రాలకు నేరుగా అమ్మేవారికి ఇప్పటికే మినహాయింపు ఉంది. ప్రతి అమ్మకమూ లెక్కల్లోకి ఎక్కే ఆన్‌లైన్ వేదికపై అమ్మేవారికి అది ఎందుకు ఉండకూడదు? ఆదాయపు పన్నులో, పాన్ ఇచ్చిన వ్యక్తి అమ్మకాలు ఏటా 5 లక్షలు దాటేవరకు వేదికలు టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా తీసే పన్ను) కోయనక్కర్లేదు. కనీసం ఆ 5 లక్షల వరకైనా అంతర్రాష్ట్ర ఆన్‌లైన్ అమ్మకాలకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇచ్చే ప్రతిపాదనను మండలి ముందుంచాలని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఉదయగిరికి చెందిన ఒక చిన్న విక్రేత