రెడీమేడ్ ఇండియా, 350 రూపాయలు

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ చెన్నై పేజీలో బడి 'మ్యాప్ డే' ఫొటో వేశారు. పిల్లలంతా థర్మాకోల్ భారతదేశాలు ఎత్తిపట్టుకుని నవ్వుతున్నారు, కింద 'చేతులతో చేసి నేర్చుకుంటున్న చిన్నారులు' అని రాశారు. ఎవరి చేతులండీ? మా ఇంట్లోనూ అలాంటిదొకటి తయారైంది, మనవడు నాలుగో తరగతి. రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని నదులు అతికించింది మా కోడలు, హిమాలయాలకు దూది పెట్టింది మా అబ్బాయి, మనవడు మాత్రం తొమ్మిదింటికే నిద్రపోయాడు. మా వీధి చివర ఫ్యాన్సీ స్టోర్‌లో కొనేస్తే ఆ శ్రమ కూడా లేదు, రెడీమేడ్ ఇండియా 350 రూపాయలు, గ్లిట్టర్ చల్లింది కావాలంటే ఇంకో 50.

మర్నాడు ఉత్తరం ఎటురా అని అడిగితే సీలింగ్ వైపు చూపించాడు. వాడి తప్పేముంది, గోడకు తగిలించిన మ్యాప్‌లో ఉత్తరం పైనే కదా ఉంటుంది! దాన్ని ఒక్కసారి దించి నేలమీద పరిచి, కుడి అంచు సూర్యుడొచ్చే వైపుకి తిప్పి పెట్టి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. నేను తపాలా శాఖలో సార్టింగ్ చేసి రిటైరైనవాణ్ణి, ఏ ఊరి సంచి ఏ రైలెక్కాలో నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి, అందుకే నాకు కాస్త కడుపుమంట ఎక్కువ.

పొద్దున్నే గుమ్మం ముందు చుక్కల ముగ్గు చూసే పిల్లలకి గడుల పటం కొత్తగా నేర్పాలా? బడి ఆవరణలో చాక్‌పీసుతో గడులు గీసి, పది అంగలకి ఒక గడి అనుకుని గేటు, కొళాయి, వేపచెట్టు ఎక్కడ పడతాయో పెట్టమంటే పటం స్కేలు అంటే ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. అసలు ఈ ఊళ్లో ఇది చెప్పుకోవాల్సిన మాటా? 1802 ఏప్రిల్‌లో లాంబ్టన్ దొర మన పరంగిమలై, అదే సెయింట్ థామస్ మౌంట్ కొండ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసు దాదాపు 400 సార్లు పరిపించి ఏడున్నర మైళ్ల గీత కొలిపించాడు, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన పెద్ద సర్వే అక్కడే మొదలైంది. మన పిల్లల్ని ఆ కొండకి తీసుకెళ్తారు, చర్చి చూపించి, విమానాలు చూపించి, బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి దింపేస్తారు.

టీచరమ్మని ఏమీ అనను. నలభై మందిని పెట్టుకుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పైవాళ్లు అడిగేది ఫొటో, ఫొటోలో థర్మాకోల్ బాగా పడుతుంది. పిల్లలకి తెలిసిందా లేదా అని అడిగేవాడు ఎవడూ లేడు.

ఇది పిల్లలతో ఆగే సంగతి కూడా కాదు. టి.నగర్ ఉన్న చోట ఒకప్పుడు మైలాపూర్ పెద్ద చెరువు ఉండేది, 1920ల్లో దాన్ని పూడ్చి ఊరు కట్టారు. నుంగంబాక్కంలో 'లేక్ ఏరియా' అని బోర్డు ఉంది, లేక్ మాత్రం వెతకొద్దు. పాత పటం మీద ట్రేసింగ్ పేపర్ వేసి చెరువులు గీసుకుని, ఆ కాగితాన్ని కొత్త పటం మీద పెట్టి చూడమంటే ఐదో తరగతి పిల్లవాడు కూడా నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చెప్తాడు. మన ప్లానింగ్ పెద్దలకి మాత్రం 2015లో మునిగినా తెలియలేదు, 2023లో మునిగినా తెలియలేదు. వీధి పేర్ల బోర్డుల మీద సినిమా పోస్టర్లు అంటించే ఊళ్లో ఇంతకన్నా ఆశించడం నాదే అత్యాశ అనుకోండి.

చివరికి ఆ థర్మాకోల్ పక్కన పడేసి, మా వాడికి నీలం దారం ఇచ్చి మన కొళాయి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పాత అట్లాసులో వెతకమన్నాను. రెడ్ హిల్స్ చెరువు దగ్గర ఆగిపోతాడనుకున్నాను. పూండి, ఊత్తుకోట, కండలేరు, సోమశిల, వెలుగోడు అంటూ దారం శ్రీశైలం దాకా వెళ్లింది, మధ్యలో రెండుసార్లు ముడి కూడా పడింది. 'తాతా, ఇది కృష్ణేనా, అమ్మమ్మ వాళ్ల బెజవాడ కృష్ణ?' అని అడిగాడు. చెన్నైకి కృష్ణ నీళ్లిచ్చే 1983 ఒప్పందం సంగతి, మనకి రావాల్సిన 12 టీఎంసీల సంగతి అన్నం తింటూ చెప్పాను, సగం విన్నాడు. ఆ అట్లాసు బడికి పట్టుకెళ్తే 'నీట్‌గా లేదు' అని వెనక్కి పంపారు.

ఫొటో కావాలంటే పంపిస్తాను. గ్లిట్టర్ మాత్రం లేదు.

ఇట్లు,
ఒక తాత, పెరంబూరు, చెన్నై