మొక్కల కవర్లకు నాచు పాలిమర్: డెల్టాలో ప్రయోగం జరగాలి

సంపాదకులకు నమస్కారం.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల కొద్దీ మొక్కలు ఇతర రాష్ట్రాలకు వెళుతున్నాయి. వాటిలో చాలావాటి వేళ్ల చుట్టూ నల్లటి పాలిథిన్ కవరు ఉంటుంది. నాటేటప్పుడు బ్లేడుతో చీల్చి పారేసిన ఆ కవరు మట్టిలో కలవదు. కాలువలో పడితే గుర్రపుడెక్కతో కలిసి తూములకు అడ్డం పడుతుంది.

దీనికి ప్రత్యామ్నాయం సయనోబాక్టీరియాలో ఉంది. మన వరిచేలల్లో జీవన ఎరువుగా చల్లే నీలి ఆకుపచ్చ నాచు ఈ కోవకు చెందినదే. ఎండతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ పెరిగే ఈ సూక్ష్మజీవుల్లో కొన్ని, నత్రజని అందనప్పుడు పెరుగుదల ఆపి, కూడబెట్టిన కార్బన్‌లో కొంత పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్ అనే పాలిమర్ (ప్లాస్టిక్‌లా మలచగల పదార్థం) రేణువులుగా కణంలోనే దాచుకుంటాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త మారిస్ లెమ్వాన్యే 1926లోనే మరో బాక్టీరియాలో గుర్తించిన ఈ పదార్థాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినివేయగలవు. సహజంగా తయారయ్యేది తక్కువ. అయితే జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సినెకోసిస్టిస్ అనే జాతిలో కార్బన్ దారిని నియంత్రించే ఒక జన్యువును తొలగించి, పాలిమర్‌ను తయారుచేసే జన్యువులను చేర్చి, కణాల ఎండు బరువులో దాని వాటాను 60 శాతం దాటించినట్లు 2020లో ప్రకటించారు.

ఇంత మాత్రాన రేపే కవర్లు చవగ్గా వస్తాయని నేను అనడం లేదు. పలుచని నీటిలోంచి కణాలను వడకట్టి, పగలగొట్టి, పాలిమర్‌ను వేరుచేయడం ఖరీదైన పని. పైగా అది పెళుసు కాబట్టి, సాగే కవరు కావాలంటే ఇతర పాలిమర్లతో కలపాలి. ఈ చిక్కులు ప్రయోగశాలలో కన్నా, వాడకందారుల మధ్య నడిచే ప్రయోగాత్మక కేంద్రంలోనే త్వరగా తేలుతాయి. డిస్టిలరీల్లో పులియబెట్టేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడ నాచు పెంచడానికి వాడుకోవచ్చు. కాలువ నీటిని, వరి భూమిని మాత్రం ముట్టుకోకూడదు. తీరంలోని ఉప్పునీటిని తట్టుకునే జాతులనే ఎంచుకోవాలి.

మరొక జాగ్రత్త తప్పనిసరి. చెరువులో నీలి నాచు ముదిరితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు నీటిపైకి తేలడం భీమవరం వైపు రైతులకు తెలిసిన గండమే. జన్యుమార్పిడి చేసిన నాచును తెరిచిన చెరువుల్లో కాక, మూసిన గొట్టాల్లోనే పెంచాలి. బయటికి వదిలే నీటిని శుద్ధి చేయాలి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, జీవసాంకేతిక తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానంలో జీవాధారిత పాలిమర్లకు చోటు ఉంది కనుక, దాని కింద ఇటువంటి కేంద్రాన్ని గోదావరి డెల్టాకు మంజూరు చేయించాలనీ, నర్సరీ, ఆక్వా రైతులను మొదటి నుంచే అందులో భాగస్వాములను చేయాలనీ రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక నర్సరీ రైతు, కడియం