పాత అక్షరమాల పుస్తకాలు ఎక్కడున్నాయంటే

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను. పిల్లల అక్షరమాల పుస్తకాలు వందల ఏళ్ళుగా ఎలా మారుతూ వచ్చాయో రాయాలని కూర్చున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళూ మనం మాట్లాడుకోవడమే గానీ మొదలుపెట్టింది లేదు. కానీ చివర్లో రాసిన మాటే నచ్చలేదు. "నెల రోజులు వెతికాను, పాతవేవీ మిగల్లేదేమో, ఇక వదిలేస్తాను" అంటావేంట్రా? మిగిలాయి. బోలెడన్ని మిగిలాయి. నువ్వు అడిగే మాట ఒకటి, లైబ్రరీ వాళ్ళు రాసి పెట్టుకున్న మాట ఇంకొకటి. మధ్యలో అడ్డం అదే.

ముందు ఆ మాటల సంగతి చెప్తాను, ఎందుకంటే మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. నువ్వు కేటలాగ్‌లో 'చిల్డ్రన్స్ లిటరేచర్' అని కొట్టి ఉంటావు. అలా కొడితే ఎక్కువగా వచ్చేవి పిల్లల సాహిత్యం గురించి పెద్దవాళ్ళు రాసిన పుస్తకాలు. పిల్లలు చదివే కథ అయితే కేటలాగ్ రాసేవాళ్ళు దానికి 'జువెనైల్ ఫిక్షన్' అని తగిలిస్తారు. కథ కాకుండా జంతువుల గురించో, చుక్కల గురించో అయితే 'జువెనైల్ లిటరేచర్' అంటారు. ఇది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి, చాలా దేశాల లైబ్రరీలు దీన్నే వాడుతున్నాయి. నీ పనికైతే 'ఆల్ఫబెట్ బుక్స్', 'ప్రైమర్స్' (అంటే చదవడం నేర్పే తొలి పుస్తకాలు) అనే మాటలు కావాలి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే 'హార్న్‌బుక్' అని వెతుకు. అది పేరుకే పుస్తకం. చిన్న చెక్క పలక, పట్టుకోవడానికి కింద పిడి, మీద అక్షరాలున్న ఒక్క కాగితం. పిల్లల వేళ్ళకి ఆ కాగితం మాసిపోకుండా దాని మీద పల్చగా చెక్కిన కొమ్ము పొర, అద్దంలా కనిపించేలా. ఆ తర్వాత, 18వ శతాబ్దంలో, చెక్క పోయి మడత పెట్టిన అట్ట వచ్చింది. దాన్ని 'బ్యాటిల్‌డోర్' అన్నారు. ఈ పేర్లు తెలియకపోతే అవి మన ముందున్నా మనకి కనబడవు.

ఇంకో కిటుకు. ఒక్క మంచి పుస్తకం దొరికితే చాలు, దాని వివరాల పేజీలో కిందకి వెళ్ళి 'సబ్జెక్ట్' అని ఉన్న వరుసని నొక్కు. అదే గుర్తు వేసిన పుస్తకాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. నాకు ఒక రాత్రి అలాగే తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక్క పుస్తకంతో మొదలుపెట్టి తెల్లారేసరికి అరవై పేర్లు రాసుకున్నాను.

జానపద కథలు కావాలంటే మాత్రం కథల అరల్లో వెతక్కు. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో వాటి నంబర్ 398.2. అంటే సమాజశాస్త్రాల వైపు ఉంటాయి. కథల దగ్గర కనబడలేదని లైబ్రరీలో లేవనుకుని వెనక్కి వచ్చేసేవాళ్ళు ఎంతమందో.

తెలుగు పుస్తకాలు విదేశీ లైబ్రరీల్లో వెతికేటప్పుడు మరో చిక్కుంది. అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు గానీ మనం ఫోన్‌లో టైప్ చేసే తీరులో కాదు. 'చ'కి సి ఒక్కటే, పక్కన హెచ్ పెట్టరు. హెచ్ పెడితే అది 'ఛ' అవుతుంది. కాబట్టి 'చిలుక' అని వెతకాలంటే సి, ఐ, ఎల్, యు, కె, ఎ అని కొట్టాలి. దీర్ఘాలకి వాళ్ళు అక్షరం మీద గీత పెడతారు. 'ఆ' కోసం మనం 'ఎ' అక్షరం రెండుసార్లు కొట్టామంటే దొరక్కపోవచ్చు, ఒక్కసారి కొట్టు చాలు.

సరే, ఇక చోట్ల సంగతి. నీకు అన్నిటికంటే ముందు చూపించాలనుకున్నది ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉన్న బాల్డ్విన్ లైబ్రరీ. రూత్ బాల్డ్విన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి ఇష్టంగా పోగుచేసుకున్న పుస్తకాలే దానికి పునాది. ఇప్పుడు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి, వాటిలో వేల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టారు. టొరాంటో పబ్లిక్ లైబ్రరీలోని ఆస్బర్న్ సేకరణ కథ కూడా నాకు చాలా ఇష్టం. ఎడ్గర్ ఆస్బర్న్ అనే ఇంగ్లీషు లైబ్రేరియన్ 1934లో టొరాంటో వెళ్ళినప్పుడు అక్కడి పిల్లల లైబ్రరీ చూసి ముచ్చటపడ్డాడు. అది గుర్తుపెట్టుకుని 1949లో తన దగ్గరున్న దాదాపు 2,000 పాత పుస్తకాలు ఆ లైబ్రరీకే ఇచ్చేశాడు. ఇలాంటి సేకరణలే ఇంకా అమెరికాలో ఉన్నాయి: ప్రిన్స్‌టన్‌లో కాట్సెన్, మిన్నెసోటాలో కెర్లాన్, మిసిసిపీలో డి గ్రమండ్. కెర్లాన్, డి గ్రమండ్ సేకరణల్లో అచ్చు పుస్తకాలతో పాటు రచయితల చిత్తుప్రతులు, బొమ్మలు వేసినవాళ్ళ అసలు చిత్రాలు కూడా దాచారు. ఒక బొమ్మ మొదట ఎలా ఉండేది, ఎన్నిసార్లు మార్చారు అన్నది చూడాలంటే అక్కడే.

మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం ఉంది కదా, దాని పుట్టుక నీకు చెప్పానో లేదో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జెల్లా లెప్‌మన్ అనే ఆవిడ, నాజీల కాలంలో జర్మనీ వదిలి వెళ్ళిన యూదు వనిత, తిరిగి వచ్చి 20 దేశాలకి ఉత్తరాలు రాసింది. మా పిల్లలకి చూపించడానికి మీ పిల్లల పుస్తకాలు పంపండి అని. రెండుసార్లు జర్మన్ సైన్యాల చేతిలో నలిగిపోయిన బెల్జియం మొదట కాదంది. ఆవిడ మళ్ళీ రాసింది. ఈసారి బెల్జియం పుస్తకాలు పంపింది. 1946లో ప్రదర్శన, 1949లో లైబ్రరీ, 1983 నుంచి ఒక పాత కోటలో. అక్కడివాళ్ళు ప్రపంచ భాషల్లో వచ్చిన మంచి పిల్లల పుస్తకాలు ఏరి ఏటా 'వైట్ రేవెన్స్' అనే జాబితా వేస్తారు. ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నీ పాత పుస్తకాలకి అది పనికిరాదు గానీ, ఇప్పటి పుస్తకాలతో పోల్చాలనుకున్నప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టు.

కదలకుండా ఇంట్లోనే చదవాలంటే ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలు పెట్టే మూడు చోట్లు చాలు: ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. హాతీట్రస్ట్‌లో కాపీరైట్ ఉన్న పుస్తకం పేజీలు మనకి చూపించకపోయినా, మనం వెతికే మాట ఏయే పేజీల్లో ఉందో చెప్తుంది. ఆ పేజీ నంబర్లు రాసుకుని, పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో వరల్డ్‌క్యాట్‌లో (ఎన్నో లైబ్రరీల కేటలాగ్‌లు కలిపిన సైట్) చూసుకుని, అక్కడివాళ్ళని అడగొచ్చు. గుటెన్‌బర్గ్‌లో నువ్వు తప్పకుండా చూడాల్సింది కొమీనియస్ అనే పాతకాలపు విద్యావేత్త పిల్లల కోసం చేసిన బొమ్మల పుస్తకం 'ఆర్బిస్ పిక్టస్'. 1658లో న్యూరెంబర్గ్‌లో వచ్చింది. మొదట్లోనే అక్షరమాల ఉంటుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రాణి అరుపు. కాకి అంటే 'ఆ ఆ', గొర్రెపిల్ల అంటే 'బే'. బిడ్డకి ముందు చెవికి తెలిసిన ధ్వని వినిపించి, తర్వాత దాని ఆకారం చూపించాడు. నీ పుస్తకం ఇక్కడి నుంచి మొదలవ్వాలని నా కోరిక.

18వ శతాబ్దం పుస్తకాల్లో మాటలు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. ఆ రోజుల్లో ఎస్ అక్షరాన్ని మాట మొదట్లో, మధ్యలో పొడుగ్గా వేసేవాళ్ళు, చూడ్డానికి ఎఫ్‌లాగే ఉంటుంది. స్కాన్ చేసే మెషీన్ దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. సూర్యుడి 'సన్' కాస్తా 'ఫన్' అయి కూర్చుంటుంది. అందుకని ప్రతి మాటనీ రెండు రకాలుగానూ కొట్టి చూడు. అలాగే కొన్ని పాత అక్షరమాలల్లో 24 అక్షరాలే ఉంటాయి. ఐ, జే కలిపి ఒకటి, యు, వి కలిపి ఒకటి. పేజీ చిరిగిపోయిందేమో అని టెన్షన్ పడకు, అప్పటి లెక్కే అది.

కానీ నిజంగా పేజీలు పోయినవీ ఉంటాయి. నేను చదివిన ఒక స్కాన్‌లో మధ్యలో రెండు పేజీలు లేవు, వెనక అట్ట అసలే తీయలేదు. ఆ అక్షరానికి బొమ్మే లేదనుకుని నోట్స్‌లో రాసేసుకున్నాను. మరో చోట ఇంకో ప్రతి దొరికాక గానీ తప్పు తెలియలేదు, వారం రోజుల పని మళ్ళీ చేయాల్సొచ్చింది. ఎప్పుడూ రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చూడు. ఆ రెండో ప్రతిలోనే నాకు ఇంకోటి కనబడింది. ఆవు బొమ్మకి ఎవరో పిల్లో పిల్లాడో ఎర్ర రంగు పూశారు. గీత దాటి బయటికి కూడా వెళ్ళింది రంగు. పక్కన పెన్సిల్‌తో వంకర అక్షరాల్లో పేరు, అందులో ఒక అక్షరం తిరగబడి ఉంది. అక్షరాలు నేర్చుకోడానికి కొన్న పుస్తకంలో, నేర్చుకుంటున్న చెయ్యి అలా కనబడేసరికి చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. ఇలాంటివి కేటలాగ్ వివరాల్లో చాలాసార్లు ఉండవు. పేజీ పేజీ తిప్పాల్సిందే.

కొత్త పుస్తకాలు పిల్లలకి చదివి వినిపించడానికైతే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. తెలుగుతో సహా ఎన్నో భాషల్లో కథలున్నాయి. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అనువదించొచ్చు, అచ్చు వేసుకోవచ్చు, రచయిత పేరూ బొమ్మలు వేసినవాళ్ళ పేరూ ఇస్తే చాలు. ఆఫ్రికన్ స్టోరీబుక్, బ్లూమ్ లైబ్రరీ కూడా దాదాపు ఇదే తీరు. చదివి వినిపించిన పుస్తకాలు వినడానికైతే లిబ్రివాక్స్.

నీ పుస్తకంలో ఆ పాత పుస్తకాల బొమ్మలు పెడతావు కాబట్టి హక్కుల సంగతి ఇప్పుడే చెప్తున్నాను. చాలా దేశాల్లో రచయిత పోయాక 50 నుంచి 70 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. బొమ్మలు వేసిన మనిషి వేరే అయితే ఆ మనిషి లెక్క వేరు. రాసినాయన ఎప్పుడో పోయినా, బొమ్మలు వేసినావిడ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికి ఉండొచ్చు. ఇద్దరి సంవత్సరాలూ చూసుకో.

చివరిగా ఒకటి అడుగుతాను, కాదనకు. లైబ్రేరియన్‌కి ఉత్తరం రాయి. ఇబ్బంది పెడతామేమో అని నువ్వు ఊరుకుంటావు, నాకు తెలుసు. పాత పిల్లల పుస్తకాల దగ్గర పనిచేసేవాళ్ళకి వాటి గురించి అడిగేవాళ్ళు దొరకడమే సంతోషం. "అక్షరమాల పుస్తకాల గురించి సమాచారం పంపండి" అని మాత్రం రాయకు. 1740 నుంచి 1800 మధ్యవి, బొమ్మలున్నవి, పిల్లల చేతిరాత ఉన్న ప్రతులు అని విడమరిచి అడుగు. ఎందుకో రెండు వాక్యాలు రాయి. అరుదైన పుస్తకాలు అప్పుగా పంపరు గానీ చాలాచోట్ల కావల్సిన పేజీలు స్కాన్ చేసి ఇస్తారు. నేను అలా రాసినప్పుడు ఒకావిడ నేనడిగిన రెండు పుస్తకాలతో పాటు నేను పేరు కూడా వినని మరో నాలుగు చెప్పింది. అవి కేటలాగ్‌లో అక్షరమాల అన్న గుర్తే లేకుండా ఉన్నాయి.

ఆ అరవై పేర్ల జాబితా దీంతో పాటే పంపుతున్నాను. చూసేసినవాటికి పక్కన టిక్ పెట్టాను, మిగతావి నీవే. నీ మొదటి ఉత్తరం పంపే ముందు చిత్తుప్రతి నాకు చూపించు, ఇద్దరం కలిసి దిద్దుదాం.

ఉంటాను మరి,
నీ నేస్తం