చిన్నాయనతో మళ్లీ మాట్లాడే ముందు

అనంతపురం

చిరంజీవి పెద్దోడికి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

ఉగాదికి వచ్చినప్పుడు కొత్త బోరు గురించి నీకూ మీ చిన్నాయనకూ జరిగిన వాదనను తలచుకుని, బెంగళూరు చేరాక ఫోనులో నాతో ఒకే మాట అన్నావు, ఆయనతో మాట్లాడి లాభం లేదని. ఫోనులో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు కాబట్టి కాగితం తీసుకున్నాను. చీనీ (బత్తాయి) తోటలో ఇంకో బోరు వేయడం మంచిది కాదన్న నీ అభిప్రాయమే నాదీ. న్యాయం నీ వైపు ఉండి కూడా ఆ రోజు నువ్వు ఆయనను బోరు వైపే మరింత నెట్టి వచ్చావు. నా బాధ అదే.

ఆ రోజు చిన్నాయన చాలా మాటలు చెప్పాడు. అరచేతిలో పెట్టుకున్న టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లు తప్పకుండా పడతాయన్నాడు. చెట్లు ఎండిపోతే ఈ వయసులో మళ్లీ తోట పెంచలేనన్నాడు. తాను బోరు మానుకున్నంత మాత్రాన పక్క చేను వాళ్లు మానుకుంటారా అని అడిగాడు. వీటిలో అన్నిటికంటే బలహీనమైనది టెంకాయ మాట, నువ్వు దాన్నే పట్టుకున్నావు. అరగంట సేపు దాని మీదే నవ్వులాట సాగించావు, అదీ కొత్త అల్లుడు ఎదురుగా కూర్చుని ఉండగా. టెంకాయ విషయంలో ఆయనది తప్పే. ఎవరి నమ్మకం వాళ్లదని సర్దిచెప్పే మనిషిని కాను నేను. కానీ ఆ మాటలో నువ్వు గెలిచినా బోరు ఆగదు, ఎందుకంటే ఆయన బోరు వేయాలనుకుంటున్నది టెంకాయ చెప్పిందని కాదు. టెంకాయ చోటును మాత్రమే చూపిస్తుంది, వేయాలన్న నిర్ణయం వేరే భయంలోంచి పుట్టింది.

ఆ భయమేమిటో చూడు. వేరుశనగ ఎండితే ఆ ఏటి పెట్టుబడి పోతుంది, మరుసటి ఏడు మళ్లీ విత్తనం వేసుకోవచ్చు. చీనీ అలా కాదు. మొక్క నాటిన నాలుగైదేళ్లకు గానీ కాపు చేతికి రాదు. అన్నేళ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి, చీడ చూసుకుని పెంచిన చెట్టు ఒక్క ఎండాకాలం నీరందకపోతే నిలువునా ఎండిపోతుంది. కరువు సంవత్సరాల్లో మన జిల్లా రైతులు అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్లు తోలించి చీనీ చెట్లను బతికించుకున్నది నువ్వూ చిన్నప్పుడు చూశావు. అలాంటి మనిషితో నువ్వు చాలా తేలికగా, తోట తీసేసి కొర్రా కందీ వేసుకోమన్నావు. సగటున ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాకు అది మంచి సలహానే. ఆయన చెవికి మాత్రం అది, ఇన్నేళ్ల కష్టాన్ని పెరికి పారెయ్యమన్నట్టు వినిపించింది. "నీకు ఒకటో తారీఖుకు జీతం పడుతుందిరా" అని ఆయన అన్నది అప్పుడే. దాన్ని నువ్వు ఎత్తిపొడుపుగా తీసుకున్నావు. నేనైతే దాన్ని జవాబుగానే తీసుకుంటాను, ఎందుకంటే నీ సలహా తప్పయితే నష్టపోయేది నువ్వు కాదు.

పక్క చేను ప్రశ్న ఇంకా గట్టిది. మన నేల కింద ఉన్నది గట్టి రాయి కాబట్టి నీరు అంతటా పరుచుకుని ఉండదు, రాతి పగుళ్లలోనే నిలుస్తుంది. ఒకే పగులులో దగ్గర దగ్గరగా రెండు బోర్లు పడితే రెండూ ఆ నీళ్లనే లాగుతాయి, ఎవరిది లోతైతే వాళ్లకు దక్కుతాయి. అలాంటప్పుడు ఒక్కడే ఆగినవాడు నీళ్లను దాచినట్టు కాదు, పక్కవాడికి ఒదిలినట్టు. చదువుకోకపోయినా మీ చిన్నాయన వేసిన లెక్క ఇది, ఇందులో తప్పు లేదు. నువ్వు ఫోనులో చూపించిన గ్రాఫులో దీనికి జవాబు లేదు. భూగర్భజలం పడిపోతోందని అది చెప్తే, అందుకే తొందరపడాలని ఆయన అంటాడు. అంటే మీ ఇద్దరి మధ్య తేడా నీటి గురించి కాదు, పక్కవాళ్లను నమ్మవచ్చా లేదా అన్నదాని గురించి. ఆ సంగతి తెలియక ఇద్దరూ గంటసేపు నీటి మట్టం మీద కొట్లాడుకున్నారు.

అందుకే నేను నిన్ను కోరేది ఒకటే. ఈసారి నీ మాట మొదలుపెట్టే ముందు ఆయన మాటను నువ్వు చెప్పు, ఆయన చెప్పినదానికంటే బాగా చెప్పు. "అదేరా నేను మొత్తుకునేది" అని ఆయన నోటితో అనేదాకా నీ వాదన తియ్యవద్దు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అలా చెప్పబోతేనే ఆయన వాదనలో నీకు జవాబు తెలియనిది ఎక్కడుందో నీకు కనబడుతుంది.

ఇన్నేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన దాన్ని కాబట్టి శ్రీబాగ్ ఒడంబడిక గుర్తుకు రాకుండా ఉండదు. ఆంధ్ర రాష్ట్రం కావాలని కోస్తా నాయకులు పట్టుబడితే, మద్రాసు వాళ్ల కింది నుంచి తప్పించుకుని కోస్తా వాళ్ల కిందికి పోతామేమోనని మన సీమ నాయకులు జంకారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కూర్చున్నప్పుడు, మమ్మల్ని అనుమానిస్తారా అని ఒకరు, మీరు అలాంటివాళ్లే అని ఇంకొకరు కొట్లాడుకుని ఉంటే అక్కడికక్కడే లేచిపోయేవారు. ఆ భయాన్నే షరతులుగా మార్చి కాగితం మీద పెట్టారు: నీటిపారుదలలో సీమకు ముందు చోటు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని-హైకోర్టు రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు. 1953లో కర్నూలు రాజధాని అయింది ఆ కాగితం బలంతోనే. మిగిలిన మాటలు ఎంతవరకు నిలిచాయన్నది వేరే కథ, దాని మీద మన జిల్లాలో ఇప్పటికీ కోపం ఉంది, న్యాయంగానే ఉంది. కానీ మాట తప్పారని అడగగలిగే ఆధారమైనా దొరికింది, ఆ రోజు కోరికను విడమరచి రాసుకున్నందువల్ల. నువ్వు, చిన్నాయన ఏం కోరుకుంటున్నారో ఇంతవరకు ఒకరికొకరు చెప్పుకోనేలేదు.

2000 తర్వాతి దశాబ్దంలో మన జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని లెక్క చూసుకునే కార్యక్రమం ఒకటి జరిగింది. బోరు వేయకండని అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. వాన ఎంత పడిందో, బోర్లలో నీటి మట్టం ఎంత ఉందో రైతులే కొలిచి ఊళ్లో బోర్డు మీద రాసేవారు, పంటలు వేసే ముందు కూర్చుని ఉన్న నీళ్లకూ వేయబోయే పంటకూ లెక్క కట్టేవారు. ఆ తర్వాత ఎవరి పంట వాళ్లిష్టం. మరికొన్ని పల్లెల్లో ఇంకో అడుగు ముందుకు వేసి, బోర్లున్నవాళ్లు పైపులతో నీళ్లు కలుపుకుని, లేనివాళ్లకూ తడి ఇచ్చి, కొత్త బోరు ఎవరూ వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. చిన్నాయన అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ఇదీ. నువ్వు ఒప్పించవలసింది ఆయననొక్కడినే కాదు, పక్క చేను వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టాలి. వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి కావాలన్న మాట మాత్రం ఆ రోజు ఎత్తవద్దు. ఎత్తితే నువ్వు ఫిర్యాదు చేస్తావని అనుకుంటారు, ఇక ఎవరూ నోరు విప్పరు.

మాట్లాడేటప్పుడు అల్లుడు ఉండకూడదు. చిన్నల ముందు ఓడిపోవడానికి ఆ వయసు మనిషి ఎవరూ ఒప్పుకోరు. గొంతు పెరిగితే అక్కడితో ఆపి తోట చూసి రా, ఒకే పూటలో తేల్చాలని ఏమీ లేదు.

బోరు బండి వాళ్లకు ఆయన ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదని నిన్న మీ చిన్నమ్మ చెప్పింది. వచ్చే శనివారం వీలు చేసుకుని రా. ఇప్పుడున్న రెండు బోర్లను రాత్రంతా ఆపించి, తెల్లవారాక ఒకటే ఆడించి రెండు వందల లీటర్ల డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో చూడండి, తర్వాత రెండోదాన్ని కూడా ఆడించి ఆ మొదటిదాని కిందే డ్రమ్ము మళ్లీ పెట్టి చూడండి. ఈసారి బాగా ఎక్కువసేపు పడితే రెండు బోర్లూ ఒకే నీళ్లను లాగుతున్నాయని అనుకోవచ్చు. గడియారం చిన్నాయన చేతిలో ఉండనీ. నువ్వు డ్రమ్ము పట్టుకో. బస్సు ఎక్కగానే నాకు చెప్పు, ఆయనకు నేను కబురు పంపుతాను.

ఇట్లు,
మీ అమ్మ