పచ్చగడ్డి మొలిస్తే చమురు పోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. చమురు ఇంకిన నేలను మొక్కలతో శుద్ధి చేస్తామని ప్రకటనలు వస్తున్నాయి. పద్ధతి మంచిదే. మట్టినంతా తవ్వి లారీలకెత్తి ఇంకోచోట పోయడం కంటే ఖర్చు తక్కువ, నేల కూడా బతుకుతుంది. నా పేచీ అల్లా 'మొక్కలు నూనెను పీల్చేస్తాయి' అన్న మాటతోనే.

మొక్క చమురును పెద్దగా పీల్చదు. వేళ్లు వదిలే చక్కెరలు తిని వాటి చుట్టూ బాక్టీరియా, శిలీంధ్రాలు పెరుగుతాయి. చమురులో ఉండే హైడ్రోకార్బన్లను, అంటే కర్బనం, హైడ్రోజన్ కలిసిన పదార్థాలను, విరగ్గొట్టేది ప్రధానంగా అవే. పేరు మొక్కది, కూలిపని వాటిది. ఆ కూలీలకు గాలి, తేమ, నత్రజని కావాలి. మొక్కలు నాటేవాళ్లు మరిచిపోయేది ఇదే.

చమురు బాగా పట్టిన మట్టిని గుప్పెడు తీసి ఆరబెట్టి, ఒక నీటిచుక్క వేసి చూడండి. తామరాకు మీద బొట్టులా నిలబడుతుంది గానీ ఇంకదు. అందులో గింజ సరిగా ఊరదు. ఎలాగో మొలిచినా ఆకు పసుపెక్కుతుంది. విషం తగిలిందనుకుంటాం, చాలాసార్లు అది ఆకలి. చమురు బరువులో 85 శాతం దాకా కర్బనమే, నత్రజని నామమాత్రం. ఆ కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటే మొక్కకేం మిగులుతుంది? అందుకే 100 పాళ్ల కర్బనానికి 10 పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అందాలని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క కడతారు. అలాగని యూరియా అంతా ఒక్కసారే గుమ్మరిస్తే వేళ్లు మాడతాయి, విడతలుగా వేయాలి. కంపోస్టు, మాగిన పశువుల ఎరువు మట్టిని గుల్ల చేస్తాయి. బయోచార్ అనే బొగ్గుపొడి విషాన్ని పట్టి ఉంచి లేతమొక్కను కాపాడుతుంది. కానీ బొగ్గు పట్టి ఉంచిన నూనె పోయిన నూనె కాదు.

కాకిలెక్కలకు సందు దొరికేది ఇక్కడే. మట్టి ఎంత బరువుందో అంత కంపోస్టు కలిపితే కిలోకు ఇంత అనే నూనె లెక్క ఆరోజే సగమవుతుంది, ఒక్క చుక్క కూడా తగ్గకుండానే!

లోతు సంగతి ఇంకొకటి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి కోటి గ్యాలన్లకు పైగా చమురు ఒలికినప్పుడు, అక్కడి బాక్టీరియాకు బలమివ్వడానికి ఒడ్డున ఎరువులే చల్లారు. మేలు జరిగింది. అయినా పుష్కరం గడిచాక, 2001లో తవ్వి చూస్తే, గాలి సరిగా ఆడని అడుగుపొరల్లో నూనె ఇంకా ఉంది. గడ్డివేళ్లు ఎక్కువగా ఉండేదీ పైపొరలోనే. తేలిక నూనెలు కొంత ఆవిరైపోతాయి, బరువైనవి ఏళ్ల తరబడి కదలవు.

కాబట్టి శుద్ధి ఒప్పందాల్లో కొన్ని షరతులు పెట్టాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నాటకముందూ, తర్వాత ఏటా, ప్రతి అడుగు లోతుకూ మట్టి తీసి పరీక్షించాలి. పక్కనే మొక్కల్లేని మడి ఒకటి ఉంచితే మొక్కల వల్ల తగ్గిందెంతో, దానంతటది తగ్గిందెంతో తేలుతుంది. ఎంత ఎరువు కలిపారో రాసిపెట్టాలి. కాలిన ఇంజనాయిల్ పడ్డ చోట సీసం వంటి లోహాలు కూడా ఉండొచ్చు, వాటిని మొక్క కొంత లోపలికి తీసుకుంటుంది. అక్కడ కంచె వేసి పశువులను రానివ్వకూడదు. కోసిన గడ్డిని ఎక్కడ పారేస్తారో కూడా ఒప్పందంలోనే ఉండాలి.

ఇట్లు,
మట్టి పరీక్షల పనిలో రిటైరైన ఒక పాఠకుడు